పెట్రోమాక్స్ మ్యాంటిల్ నుంచి పరమాణు బాంబు దాకా: మన తీరం ఇసుక చెప్పే కథ

సోనేపూర్ తీరంలో అల వెనక్కి తగ్గాక తడి ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. మన పిల్లలకు అవి కొత్త కాదు. అయస్కాంతం ముక్కకు దారం కట్టి ఆ చారల మీద ఈడ్చి, మీసాల్లా అంటుకున్న నల్ల రేణువుల్ని చూసి మురిసిపోవడం ఇక్కడ ప్రతి తరం ఆడిన ఆటే.

క్రితం తల్లిదండ్రుల సమావేశంలో వేటకు వెళ్ళే ఒక తండ్రి లేచి అడిగాడు: "మేస్టారూ, మా గుంటడు చెప్తున్నాడు, ఈ ఇసకలో బాంబు మందు ఉందట. నిజమేనా? పిల్లలు పొద్దస్తమానం అక్కడే ఆడతారు." కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పిల్లవాడు విన్నది పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. రెండు ముక్కల్లో తేలే జవాబు కాదని, మళ్ళీ కలిసినప్పుడు చెబుతానని అన్నాను. ఆ జవాబే ఈ వ్యాసం. ఇలాంటి ప్రశ్న మీ తరగతి గదిలోనూ రావచ్చు కనుక తోటి ఉపాధ్యాయులతోనూ పంచుకుంటున్నాను.

ఇసుకలో ఉన్నదేమిటి?

తీరంలోని నల్ల ఇసుక ఒకే పదార్థం కాదు. అందులో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, సిల్లిమనైట్, గార్నెట్ అనే బరువైన ఖనిజాలుంటాయి. వాటితోపాటు పసుపు, గోధుమ రంగు కలిసిన మోనజైట్ రేణువులు కొద్దిగా ఉంటాయి. కొండల రాళ్ళు అరిగి, ఏళ్ళ తరబడి నదుల్లో కొట్టుకొచ్చి సముద్రంలో చేరతాయి. అల తేలిక రేణువుల్ని లాక్కుపోయి బరువైన వాటిని ఒడ్డున వదిలేస్తుంది. చేటలో బియ్యం చెరిగితే పొట్టు ఎగిరి గింజ మిగిలినట్టే ఇదీ.

ఈ మోనజైట్‌లో థోరియం అనే మూలకం ఉంటుంది. మన దేశపు మోనజైట్‌లో దాని ఆక్సైడు సుమారు ఎనిమిది నుంచి పది శాతం. బరంపురం దాటి ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇండియన్ రేర్ ఎర్త్స్ 1980ల నుంచి ఇసుక తవ్వి ఈ ఖనిజాలను వేరు చేస్తోంది. "బాంబు మందు" అన్న మాట ఆ చుట్టుపక్కల నుంచే మన ఊళ్ళకు పాకి ఉంటుంది.

థోరియం మన పెద్దలకు వేరే రూపంలో బాగా తెలుసు. పెళ్ళి ఊరేగింపుల్లో, రాత్రి నాటకాల దగ్గర వెలిగే పెట్రోమాక్స్ లైటు గుర్తుందా? అందులో తెల్లగా మెరిసే జాలీ సంచి, అదే మ్యాంటిల్, పాత రోజుల్లో థోరియం ఉప్పులో ముంచి తయారైనదే. మొదటిసారి వెలిగించినప్పుడు గుడ్డ కాలిపోతుంది. మిగిలే తెల్లటి బూడిద గూడు దాదాపు అంతా థోరియం ఆక్సైడు, ఒక్క శాతం సీరియం ఆక్సైడు. వేడెక్కితే అదే తెల్లగా వెలుగుతుంది. దీన్ని కనిపెట్టినవాడు ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త ఆయర్ వాన్ వెల్స్‌బాక్. ఐరోపా వీధి దీపాల మ్యాంటిళ్ళ కోసమే మొదట బ్రెజిల్ నుంచి, 1909లో కనిపెట్టాక తిరువాన్కూరు తీరం నుంచి మోనజైట్ ఇసుక ఓడల్లో వెళ్ళేది. బాంబు ఊహ పుట్టకముందే ఈ ఇసుక లోకమంతా తిరిగింది.

పళ్ళు తోముకునే పేస్టుతో పరిశోధన

1914లో జేమ్స్ చాడ్విక్ అనే ఇంగ్లండు యువకుడు బెర్లిన్‌లో పరిశోధన చేస్తున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. శత్రుదేశం పౌరుడని జర్మన్లు అతన్ని రూలెబెన్ అనే నిర్బంధ శిబిరంలో పెట్టారు. గుర్రపు పందేల మైదానమది. ఖైదీలు గుర్రాల సాలల్లో పడుకునేవారు. చాడ్విక్ అక్కడా ఊరుకోలేదు. ఆ రోజుల్లో జర్మనీ బజారులో థోరియం కలిపిన టూత్‌పేస్టు అమ్మేవారు. రేడియోధార్మికత ఆరోగ్యానికి మంచిదని జనం నమ్మిన కాలమది! కాపలావాళ్ళ ద్వారా ఆ పేస్టు తెప్పించుకుని, దాన్నే రేడియోధార్మిక పదార్థంగా వాడి చాడ్విక్ శిబిరంలో ప్రయోగాలు చేశాడు.

మన పాఠశాలల్లో ప్రయోగశాల లేదని, సామగ్రి రాలేదని నేనూ ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఈ సంగతి చదివాక ఆ విసుగు కొంచెం తగ్గింది.

యుద్ధం ముగిశాక ఇంగ్లండు చేరిన చాడ్విక్, 1932లో కేంబ్రిడ్జ్‌లో న్యూట్రాన్‌ను కనుగొన్నాడు. పరమాణు కేంద్రకంలో ఉండే, విద్యుదావేశం లేని కణమది. ప్రోటాన్‌కు ధనావేశం ఉంటుంది కనుక కేంద్రకం దాన్ని దూరంగా నెట్టేస్తుంది. న్యూట్రాన్‌కు ఆ అడ్డు లేదు. పలకరించకుండా ఇంట్లోకి వచ్చే పక్కింటి పిల్లాడిలా నేరుగా కేంద్రకంలోకి దూరిపోగలదు. పరమాణువు తలుపు తీసిన తాళంచెవి అదే. 1935లో చాడ్విక్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆయన లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి మారాడు. మన కథకు ఆ లివర్‌పూల్ ప్రయోగశాలే నట్టిల్లు.

ఒక మాట పుట్టిన వైనం

1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఆటో హాన్, స్ట్రాస్‌మన్ యురేనియాన్ని న్యూట్రాన్లతో కొడితే బేరియం అనే చాలా తేలికైన మూలకం కనిపించింది. ఎందుకో వారికి అంతుపట్టలేదు. ముప్ఫై ఏళ్ళు హాన్‌తో కలిసి పనిచేసిన లీజ్ మైట్నర్, యూదు కుటుంబంలో పుట్టినందుకు అప్పటికే జర్మనీ వదిలి స్వీడన్‌కు పారిపోయింది. హాన్ ఆమెకు ఉత్తరం రాశాడు. క్రిస్మస్ సెలవుల్లో ఆమె, మేనల్లుడు ఆటో ఫ్రిష్ మంచులో నడుస్తూ, ఒక మొద్దు మీద కూర్చుని కాగితం ముక్కల మీద లెక్క కట్టారు. యురేనియం కేంద్రకం రెండు ముక్కలవుతోందని తేల్చారు.

ఆ సంగతికి పేరు లేదు. ఒక కణం రెండుగా చీలడాన్ని మీరేమంటారని ఫ్రిష్ ఒక జీవశాస్త్రవేత్తను అడిగి, ఆ "ఫిషన్" అన్న మాటనే అరువు తెచ్చుకున్నాడు. మన పాఠ్యపుస్తకాల్లో అదే "కేంద్రక విచ్ఛిత్తి" అయింది. తెలుగులో సైన్సు మాటలు కృతకమని, అరువు తెచ్చుకున్నవని వెక్కిరించేవారికి ఈ కథ చెప్పాలి. అసలు మాట కూడా అరువే. పక్క పాఠం నుంచి తెచ్చుకున్న మాట.

విచ్ఛిత్తిలో రెండు మూడు కొత్త న్యూట్రాన్లు బయటపడతాయి. అవి మరిన్ని కేంద్రకాలను చీలుస్తాయి. ఒకటి రెండుగా, రెండు నాలుగుగా, నాలుగు ఎనిమిదిగా. ఇదే శృంఖల చర్య. పదిసార్లు రెట్టిస్తే వెయ్యి దాటుతుంది, ఇరవైసార్లు రెట్టిస్తే పది లక్షలు దాటుతుంది. బాంబులో ఇలాంటి రెట్టింపులు సెకనులో పది లక్షల వంతు కాలంలోనే సుమారు ఎనభై జరిగిపోతాయి.

కాందిశీకుల లెక్క

కాందిశీకులు అన్న మాట గంజాం తెలుగు కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. 1942లో జపాన్ బర్మాను ఆక్రమిస్తే రంగం వదిలి అడవుల వెంట నడిచి వచ్చిన తాతల కథలు మన ఇళ్ళలో ఉన్నాయి. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అటు ఐరోపాలో హిట్లర్‌కు భయపడి పారిపోయి వచ్చినవాళ్ళే పరమాణు బాంబుకు మొదటి లెక్క కట్టారు.

ఫ్రిష్ అప్పటికి ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ చేరాడు. విదేశీయుడని రాడార్ వంటి రహస్య పనుల్లోకి అతన్ని రానివ్వలేదు. బాంబు సాధ్యమని ఎవరూ నమ్మడం లేదు కనుక, దాని గురించి ఆలోచించడానికి మాత్రం అడ్డు లేకపోయింది! జర్మనీలో పుట్టిన మరో శాస్త్రవేత్త రుడాల్ఫ్ పైయెర్ల్స్‌తో కలిసి 1940 మార్చిలో ఒక చిన్న పత్రం రాశాడు. యురేనియం 235 అనే రకాన్ని వేరు చేయగలిగితే టన్నుల కొద్దీ అక్కరలేదు, కొద్దిపాటి ముద్ద చాలన్నది దాని సారాంశం. వాళ్ళు వేసిన అంచనా అసలు అవసరం కన్నా తక్కువే, కానీ దారి సరైనది. అదే పత్రంలో మరో సంగతీ రాశారు: ఈ ఆయుధం వాడితే మామూలు జనం పెద్ద సంఖ్యలో చనిపోక తప్పదని, అందువల్ల ఈ దేశం వాడదగినది కాకపోవచ్చని. బాంబు గురించిన మొట్టమొదటి లెక్కతోపాటే మొట్టమొదటి హెచ్చరికా పుట్టింది.

ఈ లెక్కను సరిచూసే బాధ్యత లివర్‌పూల్‌లో చాడ్విక్ మీద పడింది. ఫ్రిష్ కూడా అక్కడికే వచ్చాడు. 1941 వసంతానికల్లా బాంబు సాధ్యమే కాదు, ఎవరో ఒకరు చేయడం అనివార్యమని చాడ్విక్‌కు అర్థమైంది. అప్పటి నుంచి నిద్రమాత్రలు వేసుకోవలసి వచ్చిందని ఆయనే ఎన్నో ఏళ్ళ తర్వాత చెప్పుకున్నాడు.

ఆ తర్వాతి కథ పిల్లలకు కొంత తెలుసు. అమెరికా 1942లో మన్‌హాటన్ ప్రాజెక్టు మొదలుపెట్టింది. జనరల్ లెస్లీ గ్రోవ్స్ అధికారి, న్యూమెక్సికోలోని లాస్ అలమోస్ ప్రయోగశాలకు రాబర్ట్ ఓపెన్‌హైమర్ సారథి. ఆ పని జోరుగా సాగుతున్నప్పుడు లక్ష మందికి పైగా పనిచేశారు. వారిలో ఎక్కువ మందికి తాము చేస్తున్నదేమిటో తెలియదు. బ్రిటిష్ బృందానికి చాడ్విక్ నాయకుడు. 1945 జులై 16న తొలి పరీక్ష. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. ఆ ఏడాది చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది చనిపోయారు. నాగసాకి బాంబులోని ప్లుటోనియం బరువు ఆరు కిలోలకు కాస్త ఎక్కువ. ఒక చేతిసంచిలో మోసుకుపోయే బరువు.

బయటికి నడిచినవాడు

చాడ్విక్ ప్రయోగశాలకు 1939లో పోలెండు నుంచి జోసెఫ్ రాట్‌బ్లాట్ అనే యువకుడు వచ్చాడు. ఆగస్టులో భార్య టోలాను తీసుకురావడానికి ఇంటికి వెళితే, శస్త్రచికిత్స జరిగి ఆమె ప్రయాణం చేయలేని స్థితిలో ఉంది. ముందు తాను వెళతాను, నువ్వు తర్వాత రా అని బయలుదేరాడు. రోజుల్లోనే యుద్ధం మొదలైంది. ఆమె మళ్ళీ కనిపించలేదు. పోలెండులోని యూదులపై నాజీలు సాగించిన మారణకాండలో ఆమె బలైపోయింది.

హిట్లర్ ముందుగా బాంబు చేస్తాడన్న భయంతో రాట్‌బ్లాట్ లాస్ అలమోస్ వెళ్ళాడు. జర్మనీ ఆ ప్రయత్నం వదిలేసిందని 1944 చివర్లో తెలిసింది. నేను వచ్చిన కారణం పోయింది కనుక ఇక ఉండనని చెప్పి బయటికి వచ్చేశాడు. ఆ తర్వాత తన భౌతికశాస్త్రాన్ని వైద్యానికి మళ్ళించాడు. 1947లో బ్రిటన్‌లో రెండు రైలు పెట్టెల్లో "ఆటమ్ ట్రెయిన్" అనే ప్రదర్శన ఏర్పాటు చేయించి, ఊరూరా తిప్పి, పరమాణువు అంటే ఏమిటో మామూలు జనానికి చూపించాడు. 1995లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు. బాంబు చేయడానికి నిరాకరించినది ఆయనొక్కడే కాదు. విచ్ఛిత్తి రహస్యం విప్పిన లీజ్ మైట్నర్‌ను పిలిచినా, ఆ పనిలో తనకు భాగం వద్దని రాలేదు.

గొరగనమూడి నుంచి లివర్‌పూల్‌కు

ఇదే చాడ్విక్ దగ్గర ఒక తెలుగువాడు కూడా పరిశోధన చేశాడంటే మన పిల్లలు కళ్ళు పెద్దవి చేస్తారు. ఆయన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. యువకుడిగా ఇల్లు విడిచి, హిమాలయాల్లో సాధన చేసి స్వామి జ్ఞానానంద అయ్యారు. 1920ల చివర జర్మనీ వెళ్ళారు. అక్కడ ఆధునిక భౌతికశాస్త్రం ఆయన్ను పట్టేసింది. అప్పటికి ముప్ఫై దాటిన సన్యాసి మళ్ళీ విద్యార్థి అయ్యారు. ప్రాగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్ కిరణాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నారు. తర్వాత లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పనిచేసి మరో డాక్టరేటు పొందారు. అటుపైన అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, గంజాం అందులో కలిసి, మనం భాషా మైనారిటీ అయిననాటికి ఆయన ఐరోపాలో పరాయి భాషల నడుమ భౌతికశాస్త్రం నేర్చుకుంటున్నారు. భాష మారిన చోట చదువు ఆగిపోతుందని భయపడే తల్లిదండ్రులకు ఈ ఒక్క సంగతి చెప్పాలనిపిస్తుంది.

స్వామి 1947లో భారతదేశానికి తిరిగి వచ్చారు. కొన్నేళ్ళు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసి, 1954లో విశాఖపట్నం చేరి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్ర విభాగానికి పునాది వేశారు. 1969లో కన్నుమూశారు. అక్కడి అణు పరిశోధనశాలకు ఆయన పేరే పెట్టారు. బరంపురంలో రైలెక్కితే పూటలో చేరే ఊరది. ఉద్యోగాలకో, ఆసుపత్రికో మనలో చాలామంది వెళ్ళి వచ్చే ఊరే.

చాడ్విక్, రాట్‌బ్లాట్, జ్ఞానానంద. ముగ్గురూ ఒకే ప్రయోగశాల గడప తొక్కారు. ముగ్గురికీ తెలిసిన న్యూట్రాన్ ఒక్కటే. ఒకరు నిద్రమాత్రలు మింగుతూ బాంబు పని నడిపించారు. ఒకరు మధ్యలో లేచి వచ్చారు. ఒకరు సొంత ప్రాంతానికి తిరిగి వచ్చి పిల్లలకు పాఠం చెప్పారు. న్యూట్రాన్‌కు మంచీ చెడూ తెలియదు. దారి ఎంచుకున్నది మనుషులు.

మళ్ళీ మన ఇసుక దగ్గరికి

థోరియం నేరుగా బాంబు మందు కాదు. యురేనియం 235 లాగా దానంతట అది శృంఖల చర్య నడపలేదు. రియాక్టరులో పెడితే న్యూట్రాన్‌ను మింగి, కొన్ని వారాల్లో యురేనియం 233గా మారుతుంది. అప్పుడే ఇంధనమవుతుంది. ఈ సంగతి తెలిసే, 1944లో రూజ్‌వెల్ట్, చర్చిల్ ఒప్పందం మీద ఏర్పడిన ఒక సంయుక్త ట్రస్టు లోకంలో యురేనియంతోపాటు థోరియం ఎక్కడుందా అని వెతికింది. తిరువాన్కూరు ఇసుక మీదా వారి కన్ను పడింది. స్వతంత్ర భారతం 1948లో అణుశక్తి చట్టం చేసింది. హోమీ భాభా నాయకత్వంలో అణుశక్తి సంఘం ఏర్పడింది. 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ పుట్టింది. యురేనియం తక్కువ, థోరియం ఎక్కువ ఉన్న మన దేశానికి చివరికి థోరియంతో కరెంటు పుట్టించాలని భాభా మూడు దశల పథకం వేశారు. దాని మూడో దశ కోసం దేశం ఇంకా ఎదురుచూస్తోంది.

కాబట్టి ఆ తండ్రికి నా జవాబు ఇది. నీ కొడుకు ఆడే ఇసుక పేలదు. నిప్పు పెట్టినా పేలదు. మోనజైట్ ఎక్కువున్న తీరాల్లో సహజ వికిరణం మిగతా చోట్ల కన్నా కొంత ఎక్కువగా ఉంటుంది. ఛత్రపురం పక్క శాస్త్రవేత్తలు దాన్ని కొలిచారు కూడా. ఏమీ లేదని కొట్టిపారేయడమూ తప్పే, బాంబని బెదరడమూ తప్పే. కొలిచి మాట్లాడాలి. నీ కొడుకు అడిగిన ప్రశ్న మాత్రం మంచి ప్రశ్న, వాడి నోరు మూయించవద్దు.

తోటి ఉపాధ్యాయులకు ఒక ఆట చెబుతాను. పిల్లల్ని వరండాలో నిలబెట్టండి. ఒకడు ఇద్దరి భుజం తట్టి కూర్చోవాలి. ఆ ఇద్దరూ చెరో ఇద్దరిని. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు. ఆరో వరుసకు అరవై మూడు మంది అయిపోతారు. ఇది బాంబు. రెండోసారి ఆడేటప్పుడు మధ్య మధ్య కొందరిని చేతులు కట్టుకుని నిలబడమనండి. తమ భుజం తట్టినా వాళ్ళు ఎవరినీ తట్టకూడదు. ఆట నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఇది రియాక్టరు. చేతులు కట్టుకున్నవాళ్ళు నియంత్రణ కడ్డీలు. పైసా ఖర్చు లేదు, పుస్తకం రాలేదన్న బెంగ లేదు.

మా తరగతిలో ఆడించినప్పుడు చేతులు కట్టుకుని నిలబడిన ఒక పాప అడిగింది, "మేస్టారూ, నేను తట్టకపోతే ఆట చెడిపోయినట్టా, గెలిచినట్టా?" రాట్‌బ్లాట్ కథ ఆ పూటే చెప్పాను, తెలుగులోనే. వాళ్ళ ఇంటి భాషలో అడిగారు కనుకనే ఆ ప్రశ్న అంత దూరం వచ్చింది. పై చదువుల్లో వాళ్ళు ఒడియాలోనో ఇంగ్లిషులోనో చదవక తప్పదు, చదువుతారు కూడా. అడిగే అలవాటు మాత్రం ఇక్కడే, ఈ వరండాలోనే పడాలి.